లెక్కలోకి రాని పసికందులు
(నవజాత శిశువుల రక్షణకు జాతీయ ప్రణాళిక ఏర్పడిన కథ)

మన సొసైటీ పెద్దలు ఈ వార్షిక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాసివ్వమని అడిగినప్పుడు, నేను గోల్కొండ గురించో కుతుబ్‌షాహీల గురించో రాస్తానని అనుకొని ఉంటారు. నేను ఉర్దూ మీడియం బడిలో సాంఘిక శాస్త్రం చెప్పే పంతుల్ని. ఇరవై ఏళ్లుగా పిల్లల చేత రాజులు పుట్టిన సంవత్సరాలు, గిట్టిన సంవత్సరాలు బట్టీ పట్టిస్తూనే ఉన్నాను. కాని పుట్టిన రోజుకూ పోయిన రోజుకూ మధ్య రెండు రోజులో ఆరు రోజులో మాత్రమే ఉన్నవారి చరిత్ర మా పాఠ్యపుస్తకాల్లో లేదు. ఈసారి వాళ్ల గురించి రాయాలనిపించింది. నా తెలుగులో తప్పులుంటే పెద్దలు దిద్దుకొని చదవగలరని మనవి.

"ఆరు రాయి"

2011 ఫిబ్రవరిలో జనాభా లెక్కల డ్యూటీ పడింది. పంతుళ్లకు ఇది మామూలే. మా మంచిర్యాలలో నాకిచ్చిన బ్లాకులో మా మొహల్లా కూడా ఉండటంతో, తిరిగి తిరిగి చివరికి మా ఇంటికే వచ్చి అమ్మీ ముందు కూర్చున్నాను. ఆ ఫారంలో పెళ్లయిన స్త్రీలను అడగవలసిన ప్రశ్నలు రెండున్నాయి. ప్రాణంతో పుట్టిన పిల్లలు ఎంతమంది? ఇప్పుడు బతికి ఉన్నవారు ఎంతమంది? నేను అడగకుండానే రెండు గళ్లలోనూ నాలుగు వేయబోయాను.

"ఆరు రాయి బేటా," అన్నది అమ్మీ.

"మేం నలుగురమే గదా అమ్మీ?"

"నువ్వడిగింది పుట్టినోళ్ల లెక్కా, బతికినోళ్ల లెక్కా?"

ఆమె ఉర్దూలో అన్న మాటకు ఇది నా తెలుగు. ముప్ఫై రెండేళ్లు ఆ ఇంట్లో పెరిగి, ఆ లెక్క నేను మొదటిసారి ఆ రోజే విన్నాను. 1975లో, నాకంటే ముందు, ఒక మగబిడ్డ పుట్టాడట. కాన్పు ఇంట్లోనే. మంత్రసాని కొడవలితో బొడ్డు కోసి, బూడిద అద్దింది. అయిదు రోజులు బాగానే పాలు తాగినవాడు ఆరో నాడు దవడలు బిగబట్టాడు. ముట్టుకుంటే చాలు, ఒళ్లు విల్లులా వంగేది. ఏడో రోజు అఖీఖా చేసి పేరు పెట్టాలనుకున్నారు. ఆ రోజు రానేలేదు. నా తరువాత, 1983 చలికాలంలో, ఒక ఆడపిల్ల. ఏడో నెలలోనే పుట్టింది, పిడికెడంత ఉందట. దూదిలో చుట్టి, కుంపటి పక్కన పడుకోబెట్టారు. రెండో రాత్రి చల్లబడిపోయింది.

ఈ ఇద్దరి పుట్టుక గాని, చావు గాని ఏ కాగితంలోనూ లేదు. పురపాలక సంఘం రిజిస్టరులో లేదు, రేషను కార్డులో లేదు. మా అమ్మీ మనసులో తప్ప వాళ్లు ఎక్కడా లేరు. ఆ రోజు నేను ఆరు అని రాశాను. ఆ ఒక్క అంకెతో వాళ్లు మొదటిసారి ఈ దేశపు లెక్కలోకి వచ్చారు.

అప్పటినుంచి ఈ విషయం గురించి చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ ఒక సంగతి బోధపడింది. పసికందులను కాపాడే ప్రణాళిక మన దేశంలో ఆలస్యంగా రావడానికి మందులు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. వాళ్లను లెక్కపెట్టకపోవడం కూడా కారణం. లెక్కపెట్టడం మొదలయ్యాకనే వాళ్లు ఎందుకు పోతున్నారో తెలిసింది. ఎందుకో తెలిశాకనే ఎలా ఆపాలో తెలిసింది.

పాత రోజుల ప్రయత్నాలు

మన దేశంలో స్త్రీల వైద్యానికి 1885లో లేడీ డఫరిన్ పేరిట ఒక నిధి ఏర్పడింది. 1903లో విక్టోరియా స్మారక నిధితో దాయీలకు, అంటే మంత్రసానులకు, శిక్షణ ఇవ్వడం మొదలైంది. చేతులు కడుక్కోవాలి, బొడ్డు కోసే పరికరం శుభ్రంగా ఉండాలి అనే పాఠం అంత పాతది. కాని ఆ శిక్షణ పట్టణాలు దాటి పల్లెల మంత్రసానుల దాకా చాలా తక్కువగా చేరింది. 1946లో వచ్చిన భోర్ కమిటీ నివేదిక ప్రకారం, 1937లో బ్రిటిషు ఇండియాలో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 162 మంది ఏడాది నిండకముందే చనిపోయారు. అంటే ఆరుగురిలో ఒకరు.

మన హైదరాబాదు సంగతి కూడా చెప్పుకోవాలి. ఇస్తాంబుల్‌లో ఉస్మానియా సుల్తానుల వంశంలో పుట్టిన నీలోఫర్, ఏడవ నిజాం రెండవ కుమారుడు మొఅజ్జం జా గారి భార్యగా 1931లో మన రాజ్యానికి కోడలైంది. 1949లో ఆమె దగ్గర పనిచేసే ఒక పరిచారిక కాన్పులో చనిపోయింది. ఆ దుఃఖంతో ఆమె పట్టుబట్టగా తల్లీబిడ్డలకోసం ఒక ఆసుపత్రి కట్టారు. అది 1953లో తెరుచుకుంది. అదే మనమందరం ఎరిగిన నీలోఫర్ దవాఖానా. దవాఖానాకు రాకుమారి పేరుంది, అది కట్టడానికి కారణమైనది మాత్రం ఒక పేద పరిచారిక మరణం. మన మొహల్లాల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

అయితే ఒక పెద్ద ఆసుపత్రి కట్టినంతమాత్రాన ఊళ్లలోని పసికందులకు రక్షణ రాదు. మంచిర్యాల నుంచి, ఉట్నూరు నుంచి, ఆసిఫాబాదు నుంచి ఊపిరాడని బిడ్డను హైదరాబాదు చేర్చేసరికి పుణ్యకాలం దాటిపోయేది. పసికందుకు గంటలే ముఖ్యం.

అంకెలు చెప్పిన సంగతి

1969లో జనన మరణాల నమోదు చట్టం వచ్చింది. దాదాపు అదే కాలంలో, కొన్ని ఊళ్లను, వార్డులను నమూనాగా ఎంచుకొని అక్కడి ప్రతి పుట్టుకనూ ప్రతి చావునూ రాసుకొనే శాంపిల్ రిజిస్ట్రేషన్ పద్ధతి దేశమంతా అమలులోకి వచ్చింది. 1971 నాటి లెక్కలో ఏడాదిలోపు పిల్లల మరణాలు వెయ్యికి 129. 1978లో టీకాల కార్యక్రమం మొదలైంది, 1985లో దాన్ని సార్వత్రికం చేశారు. విరేచనాలకు ఉప్పు చక్కెర నీళ్లు తాగించడం ఇంటింటికీ తెలిసింది. 1990 వచ్చేసరికి 129 కాస్తా 80కి దిగింది.

అయితే ఆ 80లో 53 మంది మొదటి నెలలోనే పోయినవాళ్లు. అనగా ముగ్గురిలో ఇద్దరు. టీకాలు, ఉప్పు చక్కెర నీళ్లు నడిచే పిల్లల్ని, పాకే పిల్లల్ని కాపాడగలిగాయి గాని, పొత్తిళ్లలోని బిడ్డ దాకా వాటి మేలు అంతగా చేరలేదు. తల్లికి ఇచ్చే ధనుర్వాతం సూది ఒక్కటే దీనికి మినహాయింపు. దాని సంగతి తరువాత చెబుతాను.

ఈ మొదటి నెల మరణాలను విడదీసి చూస్తే ఇంకొక సత్యం కనబడుతుంది. వాటిలో సుమారు నాలుగింట మూడు వంతులు మొదటి వారంలోనే జరుగుతాయి. వందకు నలభై దాకా పుట్టిన రోజునే. ముఖ్యమైన కారణాలు మూడు. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టడం మొదటిది. చీము, న్యుమోనియా, రక్తంలో విషక్రిమి వంటి అంటువ్యాధులు రెండవది. పుట్టేటప్పుడు ఊపిరి అందకపోవడం మూడవది. పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఈ మూడింటిలో ఏదో ఒకదానితో పోతున్నవాళ్లే.

ఈ విషయం పిల్లల డాక్టర్లకు ముందే తెలుసు. నవజాత శిశు వైద్యుల జాతీయ సంఘమైన నేషనల్ నియోనేటాలజీ ఫోరం 1980లోనే ఏర్పడింది. కాని వారి చేతిలో ఉన్నవి పెద్ద ఆసుపత్రుల వార్డులు, గాజు పెట్టెలు. మన కాన్పులేమో అప్పట్లో ఎక్కువభాగం ఇళ్లలోనే జరిగేవి. డాక్టరు ఉన్నచోట బిడ్డ లేదు, బిడ్డ ఉన్నచోట డాక్టరు లేడు.

ప్రాణహిత అవతల

ఈ చిక్కుముడికి దారి చూపింది మనకు పొరుగునే ఉన్న ఒక వెనుకబడిన జిల్లా. మా మంచిర్యాల జిల్లా కోటపల్లి వైపు వెళ్లి ప్రాణహిత దాటితే మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా వస్తుంది. ఆ జిల్లాలోని సిరోంచ ప్రాంతంలో నేటికీ తెలుగు మాట్లాడేవారు ఎందరో ఉన్నారు. అటు ఇటు బంధుత్వాలున్నాయి. ఆ జిల్లా కేంద్రానికి దగ్గరి ఊళ్లలో 1986 ప్రాంతం నుంచి డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 'సెర్చ్' అనే సంస్థను పెట్టి పనిచేస్తూ వచ్చారు.

వాళ్లు చేసిన మొదటి పని ఏమిటంటే, లెక్కపెట్టడం. ఊరూరా ప్రతి గర్భిణినీ, ప్రతి కాన్పునూ, ప్రతి మరణాన్నీ రాసుకున్నారు. 1993 నుంచి 1995 వరకు 39 ఊళ్లలో లెక్కవేస్తే, మొదటి నెలలో పోయే బిడ్డలు వెయ్యికి 62గా తేలారు. అప్పుడు ఆ ఊళ్లలోనే, కొద్దిగా చదువుకున్న ఆడవాళ్లను ఎంపిక చేసి, మెట్టు మెట్టుగా శిక్షణ ఇచ్చారు. వాళ్ల సంచిలో ఉన్నవేమిటి? బిడ్డను తూచే కాటా, జ్వరం చూసే థర్మామీటరు, వెచ్చగా కప్పే దుప్పటి, ఊపిరి అందించే చిన్న పరికరం, అంటువ్యాధికి మందు. ఆమె కాన్పు సమయంలో ఉంటుంది, తరువాత నెల పొడుగునా ఇంటికి వచ్చిపోతుంది. బిడ్డ పాలు తాగుతోందా, ఒళ్లు చల్లబడుతోందా, ఊపిరి ఎగబీలుస్తోందా చూస్తుంది. అవసరమైతే సూది కూడా తానే వేస్తుంది.

పల్లెటూరి ఆడమనిషి పసికందుకు సూది వేయడమేమిటని అనుమానించినవారు లేకపోలేదు. అనుమానాన్ని తప్పుపట్టలేము. అయితే వాళ్లు దానికి మాటలతో కాక అంకెలతో జవాబిచ్చారు. పోల్చిచూడటానికి మరో 47 ఊళ్లను అలాగే లెక్కపెడుతూ ఉన్నారు. మూడేళ్లు తిరిగేసరికి, 1997-98 నాటికి, పనిచేసిన ఊళ్లలో మరణాలు 62 నుంచి 25కు వచ్చాయి. పోలిక ఊళ్లలో అటువంటి తగ్గుదల లేదు. 1999లో ఈ ఫలితం 'లాన్సెట్' అనే ప్రసిద్ధ వైద్య పత్రికలో అచ్చయింది. గాజు పెట్టె లేకుండా, ఆసుపత్రి లేకుండా, ఊరి ఆడవాళ్ల చేతుల మీదుగా సగానికి పైగా మరణాలు ఆపవచ్చునని ప్రపంచానికి తెలిసింది.

2001లో ఆ బృందమే, మహారాష్ట్రలో జరుగుతున్న పిల్లల మరణాల్లో చాలాభాగం సర్కారీ లెక్కల్లోకే రావడం లేదని ఒక నివేదిక వెలువరించింది. అది చదువుతున్నప్పుడు నాకు మా అమ్మీ మాటే గుర్తుకొచ్చింది. నువ్వడిగింది పుట్టినోళ్ల లెక్కా, బతికినోళ్ల లెక్కా?

దీనికి తోడుగా ఉత్తరప్రదేశ్‌లోని శివగఢ్‌లో మరో పరిశోధన జరిగింది. అక్కడ మందులకన్నా ఇంటి అలవాట్ల మీద ఎక్కువ దృష్టి పెట్టారు. బిడ్డను పుట్టగానే స్నానం చేయించకపోవడం, తల్లి ఒంటికి ఆనించి వెచ్చగా ఉంచడం, తొలి గంటలోనే చనుపాలు పట్టడం, బొడ్డుకు ఏమీ రాయకపోవడం. 2008లో వచ్చిన ఫలితాల ప్రకారం అక్కడ మరణాలు 54 శాతం తగ్గాయి.

ఆసుపత్రి వైపు నుంచి

ఇంటి వైపు నుంచి ఇలా దారి పడుతుండగా, ఆసుపత్రి వైపు నుంచి కూడా ఒక దారి పడింది. పశ్చిమ బెంగాల్‌లో పురూలియా అనే వెనుకబడిన జిల్లాలో, 2003లో, జిల్లా ఆసుపత్రిలోనే జబ్బుపడిన పసికందులకోసం ప్రత్యేక విభాగం పెట్టారు. వెచ్చదనమిచ్చే యంత్రాలు, కామెర్లకు నీలి వెలుతురు, ప్రాణవాయువు, వీటికన్నా ముఖ్యంగా రాత్రింబగళ్లు శిక్షణ పొందిన నర్సులు. రాజధానికి పోకుండానే జిల్లాలో బిడ్డను కాపాడవచ్చునని అక్కడ రుజువైంది. నేడు మన జిల్లా ఆసుపత్రుల్లో మనం చూసే ఎస్.ఎన్.సి.యు. విభాగాలు ఆ నమూనా మీద పుట్టినవే.

తరువాత పథకాలు వరుసగా వచ్చాయి. 2005 ఏప్రిల్‌లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్, దానితోపాటే ఆసుపత్రిలో కాన్పు అయితే తల్లికి డబ్బు ఇచ్చే జననీ సురక్షా యోజన, ఊరూరా ఆశా కార్యకర్తలు. అదే ఏడాది ఆగస్టు 15న మన హైదరాబాదులో 108 అంబులెన్సులు మొదలయ్యాయి. 2009లో నర్సులకు, ఏ.ఎన్.ఎం.లకు పుట్టిన బిడ్డకు ఊపిరి పోయడంలో శిక్షణ. 2011 జూన్‌లో తల్లికీ జబ్బుపడిన పసికందుకూ సర్కారీ ఆసుపత్రిలో వైద్యం, మందులు, రాకపోకలు అన్నీ ఉచితం. ఆ 2011లోనే గడ్చిరోలి పాఠం దేశమంతటికీ చేరింది. ఆశా కార్యకర్త బాలింత ఇంటికి వెళ్లి బిడ్డను చూడాలనే కార్యక్రమం వచ్చింది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డకు ఆరుసార్లు, ఇంట్లో పుట్టిన బిడ్డకు ఏడుసార్లు, చివరిది 42వ రోజున.

ఈ తోవలన్నీ కలిపి ఒక్క ప్రణాళికగా రాసినది 2014లో. ఆ ఏడాది మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ ప్రతి నవజాత శిశువు కోసం ఒక కార్యాచరణను ఆమోదించింది. సెప్టెంబరు 18న మన కేంద్ర ప్రభుత్వం 'ఇండియా న్యూబార్న్ యాక్షన్ ప్లాన్' విడుదల చేసింది. అప్పటికి మన దేశంలో ఏటా ఏడున్నర లక్షలమంది బిడ్డలు మొదటి నెలలోనే పోతున్నారు. 2030 నాటికి ఈ రేటును వెయ్యికి పదిలోపుకు, ఒక్క అంకెకు తేవాలన్నది లక్ష్యం. గర్భానికి ముందూ గర్భంలోనూ సంరక్షణ, కాన్పు సమయం, పుట్టిన వెంటనే, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ, చిన్నగానో జబ్బుగానో ఉన్న బిడ్డ, బతికి బయటపడ్డ బిడ్డ తరువాతి ఎదుగుదల. ఈ ఆరు మెట్ల మీద ప్రణాళిక నిలబడింది. మరొక విశేషమేమిటంటే, చనిపోయి పుట్టే బిడ్డలను కూడా ఇది లెక్కలోకి తీసుకొని, వారికీ అదే లక్ష్యం పెట్టింది.

నెగ్గినదీ, మిగిలినదీ

మా పెద్దన్నను తీసుకుపోయిన ధనుర్వాతం సంగతి ముందు చెబుతాను. గర్భిణికి సూది, శుభ్రమైన చేతులు, శుభ్రమైన బ్లేడు. చిన్నవిగా కనిపించే ఈ మూడే ఆ జబ్బును ఓడించాయి. పసికందుల ధనుర్వాతాన్ని నిర్మూలించినట్టు మన దేశంలో అందరికంటే ముందు ధ్రువీకరణ పొందిన రాష్ట్రం ఆనాటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశే, 2003లో. 2015లో దేశం మొత్తానికీ ఆ ధ్రువీకరణ దక్కింది. ఇది మనం గర్వపడవలసిన విషయం. ఇంట్లో కూర్చొని సూదికి చేయి చాచిన లక్షలమంది తల్లులకు, ఎండలో మంచుపెట్టె మోసుకొచ్చిన ఏ.ఎన్.ఎం. అమ్మలకు ఈ ఘనత చెందుతుంది.

మొత్తం మీద 1990లో వెయ్యికి 53గా ఉన్న నవజాత మరణాలు 2014 నాటికి 26కు, 2021 నాటికి 19కి దిగాయి. తక్కువ మాట కాదు. అయితే దేశమంతా ఒకేలా లేదు. 2020 లెక్కలో కేరళ 4, తమిళనాడు 9, మహారాష్ట్ర 11 ఉండగా, మధ్యప్రదేశ్ 31. ఒకే దేశంలో, ఒకే ప్రణాళిక కింద, ఒకచోట పుట్టిన బిడ్డకన్నా మరొకచోట పుట్టిన బిడ్డకు ఏడెనిమిది రెట్ల ప్రమాదం.

మరొక సంగతి ఉంది. అది మన ఇళ్లకు సంబంధించినది. 2005-06లో వందకు 39 కాన్పులు ఆసుపత్రుల్లో జరిగేవి. 2019-21 నాటికి 89 అయ్యాయి. మన తెలంగాణలో 97. కాని పుట్టిన గంటలోపు తల్లిపాలు తాగిన బిడ్డలు దేశంలో వందకు 42 మందే. కాన్పు ఆసుపత్రికి మారినా, మన అలవాట్లు ఆసుపత్రి దాకా వెంట వస్తున్నాయి. ఆపరేషను కాన్పులు పెరగడం కూడా ఒక కారణమే. తెలంగాణలో నూటికి అరవై కాన్పులు ఆపరేషనుతోనే జరుగుతున్నాయి, దేశంలో ఇదే ఎక్కువ. కోత పడ్డ తల్లి తేరుకొనేలోగా బిడ్డ నోట్లో ఇంకేదో పడుతున్నది. గోడలు కట్టినంత సులువు కాదు, ఆ గోడల మధ్య మొదటి గంట సరిగా గడవడం. కాన్పు గదుల నాణ్యత కోసం కేంద్రం 2017లో మళ్లీ ప్రత్యేకంగా 'లక్ష్య' అనే కార్యక్రమం పెట్టవలసి వచ్చింది.

మా ఇంటి మూడవ బిడ్డ

2019లో మా అక్క కూతురికి ఎనిమిదో నెలలోనే కాన్పు అయింది. ఆడపిల్ల, 1600 గ్రాములు. సర్కారీ ఆసుపత్రిలో ఎస్.ఎన్.సి.యు.లో పెట్టారు. రెండు మూడు రోజులకు నర్సు బిడ్డను తెచ్చి, తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్లు ఆనించి, పైన గుడ్డతో కట్టింది. దీన్ని కంగారూ పద్ధతి అంటారు. 1978 ప్రాంతంలో దక్షిణ అమెరికాలో కొలంబియా రాజధాని బొగోటాలో, గాజు పెట్టెలు చాలక, ఇద్దరు డాక్టర్లు మొదలుపెట్టినది. 2021లో అచ్చయిన పెద్ద పరిశోధన ఒకటి మన దేశంతో కలిపి అయిదు దేశాల ఆసుపత్రుల్లో జరిగింది. చాలా తక్కువ బరువు బిడ్డలను పుట్టిన వెంటనే ఇలా తల్లి ఒంటికి ఆనిస్తే మరణాలు నాలుగో వంతు తగ్గుతాయని తేలింది.

తల్లి అలసిపోయినప్పుడు ఇంటివాళ్లెవరైనా ఆ పని చేయవచ్చునని నర్సు చెప్పింది. మా అమ్మీ ముందుకొచ్చింది. డెబ్భై దగ్గరపడిన మనిషి, మునిమనుమరాలిని గుండెకు కట్టుకొని గంటలకొద్దీ కదలకుండా కూర్చుంది. నేను చూడటానికి వెళితే మెల్లగా అన్నది: "బేటా, మనకు కుంపటి తెలుసు గాని, ఈ వేడి తెలియలేదు. ఇది ఖర్చు లేనిదే గదా, ఆ రోజు నాకెవరూ చెప్పలేదెందుకు?"

నా దగ్గర జవాబు లేదు. చరిత్ర పంతులుకు సంవత్సరాలు తెలుసు గాని, అమ్మలకు జవాబులు తెలియవు.

ఇంటికొచ్చాక ఆశా కార్యకర్త తప్పకుండా వచ్చేది. ఒకరోజు మా అత్తమ్మ వేలికి తేనె అద్ది బిడ్డకు నాకించబోయింది. ఆశా అమ్మాయి చేయి పట్టుకోలేదు, కసరలేదు. "పెద్దమ్మా, తేనె మంచిదే. బిడ్డకు ఏడాది దాటనీ, నేనే తెచ్చిస్తా," అన్నది. అందరూ నవ్వారు. తేనె పక్కకు పోయింది. బిడ్డకు ఇప్పుడు బడి వయసు వచ్చింది.

మన చిల్లా, వాళ్ల నలభై రెండు రోజులు

ఇది రాస్తుండగా నాకొక ఆలోచన వచ్చింది. మన ఇళ్లలో జచ్చాకు, అంటే బాలింతకు, చిల్లా ఉంటుంది. నలభై రోజులు ఆమె ఇల్లు కదలకూడదు, పనులు చేయకూడదు, తల్లీబిడ్డలను ఇల్లంతా కనిపెట్టుకొని ఉండాలి. సర్కారు ఆశా కార్యకర్తకు ఇచ్చిన లెక్క నలభై రెండు రోజులు. మన పెద్దలు ఏ పరిశోధనా లేకుండానే ఈ గండం ఎన్నాళ్లుంటుందో గుర్తించారు. ఆ నలభై రోజుల్లో ఏం చూడాలో, ఏం చేయకూడదో మాత్రం పూర్తిగా తెలియలేదు. కనుక చిల్లాను మానవలసిన పని లేదు. దానికి ఈ తెలివిని జోడిస్తే చాలు.

కావున మన సొసైటీ సభ్యులకు, అమ్మలకు, అక్కాచెల్లెళ్లకు నా మనవి ఇది. బిడ్డ పాలు తాగడం మానేసినా, నిమిషానికి అరవై కన్నా ఎక్కువసార్లు ఊపిరి తీస్తున్నా, ఊపిరి తీసేటప్పుడు రొమ్ము లోపలికి గుంటపడుతున్నా, ఒళ్లు చల్లగా గాని వేడిగా గాని ఉన్నా, కదలిక తగ్గినా, మూర్ఛ వచ్చినా, అరచేతులు అరికాళ్లు పచ్చబడినా, బొడ్డు ఎర్రబడి చీము పట్టినా, అమ్మమ్మ చెప్పిందనో నజర్ తగిలిందనో ఆగకూడదు. తాయెత్తు కట్టాలనుకునేవారు దారిలో కట్టుకోండి, ముందు 108కి ఫోను చేయండి. ముర్రుపాలు పిండి పారబోయవద్దు, అవే బిడ్డకు మొదటి రక్షణ. ఆశా కార్యకర్త తలుపు తట్టినప్పుడు, పర్దా ఉన్న ఇళ్లలోనైనా సరే, ఆమెను లోపలికి పిలవండి. బిడ్డను ఆమె చేతికి ఇచ్చి తూయించండి.

మరొక్క మాట. బిడ్డ పుట్టినా, ఖుదా చేయకూడదు గాని పోయినా, నమోదు చేయించండి. పేరు పెట్టకముందే పోయింది గదా, కాగితమెందుకని అనకండి. లెక్కలో లేని బిడ్డకోసం ఏ సర్కారూ మంచం వేయదు, నర్సును పంపదు. కాపాడాలంటే ముందు లెక్కపెట్టాలన్నది గడ్చిరోలి ఊళ్లు నేర్పిన పాఠం. మా ఇంట్లో ఆ పాఠం నాకు నేర్పినది అమ్మీ. వెయ్యికి 19 అన్నది ఢిల్లీకి ఒక అంకె కావచ్చు. అందులో ప్రతి ఒక్కటీ ఏదో ఒక ఇంట్లో, ఏదో ఒక తల్లి నోట, "ఆరు రాయి" అనే మాటగా మిగిలిపోతుంది.

2030 ఎంతో దూరం లేదు. అప్పటికి ఆ రేటు ఒక్క అంకెకు దిగాలని, మన మొహల్లాల్లో మాత్రం అసలు ఆ లెక్కే అవసరం లేకుండా పోవాలని అల్లాహ్‌ను వేడుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.